అడుగు దూరం సమంగా

పైనుంచి చూస్తే
ఎక్కే గీతా ఆగే గీతా ఒకటే.
తెర మీద నల్లదారం.
అది మెట్లెక్కుతోందో, నేల మీద పోతోందో
గీసినదానికే తెలియాలి, అంటే నాకు.

నల్లగొండ, క్లాక్‌టవర్ సెంటర్ వెనక సందు.
కింద దస్తగిరి వెల్డింగు షాపు, పైన మా ఆఫీసు.
అతను రాడ్డు అంటించినప్పుడల్లా
నా కంప్యూటరు దగ్గుతుంది.
పని పోకముందే సేవ్ చేసుకోవడం
ఆ షాపే నేర్పింది.

పని చిన్నదే.
మర్రిగూడ దిక్కున ఓ ఊరి దవాఖానకు
ఏడు మెట్లు, పైన వసారా, రెండు పక్కలా రెయిలింగు.
మెట్ల మీద 'వాలు' అంటే వాలింది.
వసారా మీద 'సమం' అంటే సాగింది.
రెండూ కలిసే మూలలోనే
పైపు తెగి, ఆరంగుళాలు పైకి గెంతి
గాలిలో నిలబడిపోయింది,
బస్సు తప్పిపోయినోడి చెయ్యిలా.

మూడు రోజులు.
కలిపితే విరుగుతుంది, విరిస్తే కలవదు.

టీ తెచ్చిన దస్తగిరి తెర చూసి నవ్వాడు.
"గిది నేను జేస్తే నా గిరాకీ పోతది మేడం.
పైపుకు మెట్టు తెల్వది, చెయ్యి తెలుస్తది.
చెయ్యి యాడ మలుగుతదో ఆడ్నే వంచాలె."
మలుపును ఒక మెట్టు వెనక్కి జరపమన్నాడు.
జరిపాను.
రెండు కొసలూ వచ్చి ముట్టుకున్నాయి
ఎప్పుడూ తగువే లేనట్టు.

ఎత్తు తొమ్మిది వందలు.
సాఫ్ట్‌వేర్ తనంతట తాను రాసుకునే అంకె.
ఎవరి నడుమును చూసి పెట్టారో!
శనివారం టేపు పట్టుకొని బస్సెక్కాను.

సైదమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది.
నలభై ఏళ్ళు బోరు నీళ్ళు తాగిన వెన్ను.
పక్కకు చూడాలంటే మెడ కాదు,
మనిషంతా తిరగాలి.
లేచి నిలబడేదాకా
నేను టేపు లాగుతూ వదులుతూ ఉన్నాను.
"బట్టలు కుడ్తవా బిడ్డా?"
"కాదు పెద్దమ్మా, దవాఖాన కటకటాలకు కొలత."
"కటకటాలా? నేనేం తప్పు జేసిన్నే!"
ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వు నేల వైపే పోయింది.
అరచెయ్యి ఆగిన చోటు:
ఆరు వందల ఎనభై.

అందుకే కింద ఇంకో పైపు గీశాను.
అందుకే, మెట్లు అయిపోయినా
పైపును ఆపలేదు.
ఇంకో అడుగు దూరం సమంగా సాగనిచ్చాను.
కళ్ళు ముందుకు చూసేవాళ్ళకు
పైకి చేరామని కళ్ళే చెబుతాయి.
సైదమ్మకు చెప్పాల్సింది
చేతికింద వాలడం మానేసిన ఇనుమే.

ఎస్టిమేటు మీద ఏఈ సారు ఎర్ర పెన్ను.
"మెట్లు లేని చోట పైపెందుకమ్మా?
నాలుగు కొసలు, నాలుగడుగులు. కొట్టెయ్."
ప్లాను చూపించాడు, పైనుంచి.
నిజమే, పైనుంచి చూస్తే అది
గీతకు మిగిలిన గీత.
తెరను పక్కకు తిప్పి చూపించాను.
వాలు కనబడింది, వాలు ఆగిన చోటు కనబడింది.
కాసేపు చూశాడు.
"మంచిగనే ఉంది," అన్నాడు, "కొట్టెయ్."

కాగితం మీద కొట్టేశాను.

మొన్న ట్రాలీ ఆటోలోకి పైపులు ఎక్కుతుంటే
మెట్లు దిగి పోయాను.
కొసలు నున్నగా రాకి ఉన్నాయి,
చీర కొంగు తగలకుండా గోడ వైపు తిప్పి ఉన్నాయి.
టేపు తీశాను.
మూడు వందల ఐదు మిల్లీమీటర్లు.

"తుక్కుల మిగిలిన ముక్కలు మేడం,"
అన్నాడు దస్తగిరి
నల్లద్దం మొహానికి దించుకుంటూ.
సందంతా నీలంగా వెలిగింది.
పైన నా కంప్యూటరు దగ్గింది.
సేవ్ చేశానో లేదో
గుర్తు రాలేదు.